పాప ఎడమచేతి వాటం, కొత్త పన్నూ ఎడమవైపే ముందు వచ్చింది: రెండింటికీ సంబంధం ఉందా?

#1 నాగావళి (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. మా పాపకు ఆరున్నరేళ్ళు. కింది వరుసలో ఎడమవైపు ముందు పన్ను ఊడి, ఆ చోట కొత్తది వచ్చేసింది. అంచు రంపంలా మూడు చిన్న మొనలతో ఉంది, పక్కనున్న పాలపళ్ళ కంటే కాస్త పసుపుగా కనిపిస్తోంది. కుడివైపు పాలపన్ను మాత్రం వేలితో తోసినా కదలడం లేదు. పాప రాసేది, బొమ్మలు గీసేది, బంతి విసిరేది అంతా ఎడమ చేత్తోనే. మా అత్తగారు ఈ రెండింటినీ ముడిపెట్టి, "పుర్రచేతి పిల్ల కదా, పళ్ళూ ఆ వైపు నుంచే వస్తాయి" అంటున్నారు. చేతిని ఇప్పుడే కుడికి మారిస్తే మిగిలిన పళ్ళు వరుసగా వస్తాయని కూడా ఆవిడ నమ్మకం. ఇందులో నిజం ఎంత? కుడివైపు పాలపన్నును పీకించాలా?

#2 కొబ్బరాకు (అమలాపురం)
మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. మావాడిది కుడిచేతి వాటం, వాడికి కుడివైపు పన్నే ముందు వచ్చింది. మా అక్క కొడుక్కీ అంతే. మెదడులో ఎడమ సగం ఒంట్లో కుడి సగాన్ని నడుపుతుందని బడిలోనే చదువుకున్నాం కదా. ఏ వైపు చురుగ్గా ఉంటే ఆ వైపు పళ్ళు ముందు రావడంలో వింతేముంది?

#3 సుద్దముక్క (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)
పళ్ళ మీద మన పెద్దలు కట్టిన సిద్ధాంతాలకు లెక్కే లేదమ్మా. పసిబిడ్డకు పై పన్ను ముందు వస్తే మేనమామకు గండం అన్నారు. నాకు పై పన్నే ముందు వచ్చిందట. మా మేనమామ మునిమనవల పెళ్ళిళ్ళు చూసి, పంక్తి భోజనాల్లో అరిసెలు కరకరా నమిలి మరీ వెళ్ళాడు. ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరితే కొత్త పన్ను చక్కగా వస్తుందన్నారు, అందరం విసిరాం. నాకు మాత్రం ఎగుడుదిగుడుగానే వచ్చాయి. దంతవైద్యులు ఎవరైనా ఉంటే చెప్పండి.

#4 పాలపన్ను (పిల్లల దంతవైద్యురాలు, హనుమకొండ)
నాగావళి గారూ, ముందు మీ కంగారు తీరుస్తాను. కింది ముందు పళ్ళు ఆరు, ఏడేళ్ళ మధ్య మారతాయి. జతలో ఒకటి ముందు వచ్చి, రెండోది కొన్ని వారాలో, ఒక్కోసారి రెండు మూడు నెలలో ఆలస్యం కావడం మేం రోజూ చూసేదే. ఆరు నెలలు దాటినా రెండోది జాడ లేకపోతే ఎక్స్‌రే తీస్తాం. అప్పుడు కూడా మేం చేతివాటం సంగతి అడగం. పాప ఎప్పుడైనా పడినప్పుడు ఆ పన్నుకు దెబ్బ తగిలిందా, పాలపన్ను వేరు దగ్గర చీము పట్టిందా, లోపల అదనపు పన్ను అడ్డం పడిందా, అసలు కింద శాశ్వత దంతం మొగ్గ ఉందా అని చూస్తాం. ఆలస్యం ఒకవైపే ఉందంటే కారణం సాధారణంగా ఆ చోటే దొరుకుతుంది.

రంపపు అంచు చూసి భయపడకండి. ముందు పళ్ళు మూడు మొనలుగా తయారై కలుస్తాయి, కొరుకుతూ ఉంటే ఆ మొనలు అరిగి అంచు సమమవుతుంది. పసుపు ఛాయ కూడా మామూలే. పాలపళ్ళ పక్కన శాశ్వత దంతాలు ఎప్పుడూ కాస్త పసుపుగానే కనిపిస్తాయి. కుడివైపు పాలపన్నును ఇప్పుడే పీకించకండి. దాని వెనక నుంచి కొత్త పన్ను పొడుచుకొచ్చి, పాలపన్ను మాత్రం గట్టిగా పాతుకుని ఉంటే అప్పుడు చూపించండి.

ఇక అసలు ప్రశ్న. పాలపళ్ళ నిర్మాణం గర్భంలో ఆరో వారం ప్రాంతంలోనే మొదలవుతుంది. వాటిలో ముందు పళ్ళు సుమారు 14వ వారానికల్లా గట్టిపడటం మొదలుపెడతాయి. శాశ్వత దంతాల్లో మొదటి పెద్ద దవడ పన్ను బిడ్డ పుట్టే వేళకు గట్టిపడటం మొదలుపెట్టి, నోట్లోకి ఆరేళ్ళకు వస్తుంది. చేతివాటం జాడలు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే కనిపిస్తాయి. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెప్పర్ బృందం, గర్భంలో బొటనవేలు చప్పరిస్తూ స్కానింగ్‌లో కనిపించిన పిల్లలను వాళ్ళకు 10-12 ఏళ్ళు వచ్చాక మళ్ళీ పరిశీలించింది. కుడి బొటనవేలు చప్పరించిన 60 మందీ కుడిచేతివాళ్ళే అయ్యారు. ఎడమది చప్పరించిన 15 మందిలో 10 మంది ఎడమచేతివాళ్ళు, ఐదుగురు కుడిచేతివాళ్ళు. ఇది 2005లో అచ్చయింది.

రెండూ ఒకే కాలంలో మొదలైనంత మాత్రాన ఒకటి రెండోదాన్ని నడిపిస్తుందని చెప్పలేం. ఎడమ పన్నుకూ దాని కుడి జతకూ జన్యువుల ఆజ్ఞలు ఒకటే. వాటి మధ్య వచ్చే చిన్న తేడాలు ఒక బిడ్డలో ఎడమకు, మరో బిడ్డలో కుడికి మొగ్గుతాయి. ఒకే బిడ్డలో కూడా ముందు పన్ను ఎడమది, దవడ పన్ను కుడిది ముందు రావచ్చు. చేతివాటం చూసి పన్ను ఏ వైపు వస్తుందో చెప్పే పద్ధతి మా వైద్యంలో లేదు.

#5 సంశయం (బెంగళూరు)
కొబ్బరాకు గారూ, చేతికీ పంటికీ ఏ సంబంధమూ లేదనే అనుకుందాం. అప్పుడు కూడా ఏ పన్ను ముందన్నది బొమ్మా బొరుసే. అంటే వందమంది పిల్లల్లో దాదాపు యాభైమందికి చేతివైపూ పంటివైపూ కలుస్తాయి. కలిసినవాళ్ళు ఇక్కడికొచ్చి రాస్తారు. కలవనివాళ్ళకు రాయాలన్న ఆలోచనే పుట్టదు.

ఇంకో చిక్కుంది. ఎడమచేతివాళ్ళు పదిమందిలో ఒకరు. 2020లో 23 లక్షలకు పైగా మనుషుల వివరాలు కలిపి లెక్కవేస్తే 10.6 శాతం తేలింది. వందమంది ఉన్న బడికి వెళ్తే మీకు దొరికేది పదిమంది. వాళ్ళలో ఏడుగురికి ఎడమ పన్ను ముందు వచ్చిందనుకోండి, అది పత్రికలో శీర్షికే అయిపోతుంది. నాణెం పదిసార్లు ఎగరేసినా ఏడు బొమ్మలు పడటం అంత అరుదేమీ కాదు. అసలు పన్ను ఎప్పుడు "వచ్చినట్టు"? చిగురు చీలినప్పుడా, సగం కనిపించినప్పుడా? నెలకోసారి నోరు చూసే పరిశీలకుడికి రెండూ ఒకేసారి వచ్చినట్టుంటాయి. ఈ ముడులు విప్పకుండా చేసిన పరిశీలన ఏదైనా నేను పక్కన పెడతాను.

#6 కొబ్బరాకు
లెక్కలు బాగున్నాయి గాని, నా కళ్ళతో చూసింది చూశాను. మెదడు సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

#7 పాలపన్ను
చెబుతాను. చెయ్యి కదలాలంటే మెదడు ఆజ్ఞ కావాలి, కండరం కావాలి. పన్ను పైకి రావడానికి అవి అక్కర్లేదు. తయారవుతున్న పన్ను చుట్టూ పలుచని సంచి ఒకటి ఉంటుంది. అది పైనున్న ఎముకను కరిగించే కణాలను పిలిచి దారి చేయిస్తుంది. 1980లలో మార్క్స్, కాహిల్ అనే పరిశోధకులు కుక్కపిల్లల దవడలో పన్ను తీసేసి, సంచిని మాత్రం చెడకుండా ఉంచి, అందులో అదే ఆకారంలో లోహపు ముక్క పెట్టారు. ఆ లోహపు పన్ను కూడా పైకి వచ్చింది! సంచిని తీసేస్తే అసలు పన్నే రాలేదు. ఇక మీవాడు ఏ చేత్తో క్రికెట్ ఆడతాడో ఆ సంచికి ఎలా తెలుస్తుంది?

#8 మర్రిగూడ (నల్లగొండ)
మా ప్రాంతం నుంచి ఒక మాట. ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మా తరం పళ్ళు చూడండి. మా అమ్మ పై పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు ఉంటాయి. ఎడమ ముందు పన్ను మీద చార ఎంత ఎత్తులో ఉందో కుడి పన్ను మీద కూడా అంతే ఎత్తులో ఉంటుంది. స్కేలు పెట్టి గీసినట్టే. చిన్నప్పుడు ఇది చూసి ఆశ్చర్యపోయేవాణ్ణి. ఊళ్ళో వైద్య శిబిరం పెట్టినప్పుడు ఒక డాక్టరు గారు వివరించారు: జత పళ్ళు రెండూ ఒకే కాలంలో తయారవుతాయి, ఆ కాలంలో ఒంట్లోకి వెళ్ళిన విషం రెండింటి మీదా ఒకే చోట ముద్ర వేస్తుంది అని. మా అమ్మది కుడిచేతి వాటం, పిన్నిది ఎడమచేతి వాటం. చారల్లో తేడా ఏమీ లేదు.

మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ సంగతి వైద్య పత్రికలకు ఎక్కింది కూడా తెలుగు నేల నుంచే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. పేరు దేశమంతా తిరిగింది, మా బిందెల్లోకి మంచినీళ్ళు రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. విషయం పక్కదారి పడితే క్షమించండి.

#9 పాలపన్ను
పక్కదారి కాదండీ, ఇంతకంటే మంచి ఉదాహరణ నేను ఇవ్వలేను. ఒంటికంతటికీ తగిలే కారణమైతే రెండు వైపులా కనిపిస్తుంది, ఒక్క చోట తగిలిన దెబ్బైతే ఒకవైపే. పిల్లల పళ్ళ మీద మచ్చ చూడగానే మేం ముందు దాని జత పన్నును చూసేది ఇందుకే.

#10 ఎడిసన్ నాన్న (న్యూజెర్సీ)
సంబంధమే లేదని తలుపు మూసేయకండి. ఇక్కడ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ దంతవైద్య కళాశాలలో ఫిలిప్ హుజోల్ అనే ఆచార్యుడు 2017లో ఒక పరిశీలన ప్రచురించారు. అమెరికా జాతీయ సర్వేలు మూడింటి నుంచి 13,536 మంది వివరాలు తీసుకున్నారు. కింది దవడ సన్నగా, కాస్త వెనక్కి ఉన్నవారిలో ఎడమచేతి వాటం ఉండే అవకాశం సుమారు 25 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాత ఆయనే సుమారు 60 వేల తల్లీబిడ్డల సమాచారం చూసి, తల్లిపాలు తాగిన పిల్లల్లో ఎడమచేతి వాటం కాస్త తక్కువనీ, సీసాపాల పిల్లల్లో కాస్త ఎక్కువనీ రాశారు. అంటే నోటికీ చేతికీ మధ్య ఏదో దారి ఉందనే కదా?

#11 సంశయం
25 శాతం అనగానే భయపడేవాళ్ళ కోసం: వందమందిలో పదిమంది ఉండాల్సిన చోట పన్నెండు, పదమూడు మంది అని అర్థం. మిగిలిన 87 మందీ దవడ ఎలా ఉన్నా కుడిచేతివాళ్ళే. పైగా అది దవడ ఆకారం గురించి చెప్పిన మాట, పన్ను ఏ వైపు ముందు వస్తుందన్న దాని గురించి కాదు.

#12 చిట్టితల్లి అమ్మ (నెల్లూరు)
పైన రాసింది చదివాక నిద్ర పట్టడం లేదు. మా బాబు ఎనిమిదో నెలలోనే పుట్టాడు. పాలు పట్టక సీసా అలవాటు చేశాం. ఇప్పుడు చెంచా ఎడమ చేత్తో పట్టుకుంటున్నాడు, పళ్ళు కూడా ఆలస్యంగా వచ్చాయి. నేను సీసా పట్టడం వల్లే ఇదంతా జరిగిందా?

#13 పాలపన్ను
లేదమ్మా. ఆ భారం మీ మీద వేసుకోకండి. సర్వేలో రెండు విషయాలు కలిసి కనిపించడం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావడం వేరు. మీ బాబు విషయంలో రెండింటికీ మూలం ఒకే చోట ఉండొచ్చు: నెలలు నిండకముందే పుట్టడం. అలా పుట్టిన పిల్లల్లో ఎడమచేతి వాటం మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుందని చాలా పరిశీలనల్లో తేలింది. వాళ్ళకు పళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు ఉండటమూ మామూలే. పుట్టిన తేదీ నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టి చూడండి, ఆ ఆలస్యం చాలావరకు తగ్గిపోతుంది. పాలపళ్ళ పింగాణీ, అంటే పంటి పైనున్న గట్టి పొర, పలుచగా ఉండటం, మచ్చలు పడటం మాత్రం ఈ పిల్లల్లో ఎక్కువ, కాబట్టి తీపి పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. చేతివాటానికి మందు అక్కర్లేదు, పళ్ళను కాపాడుకుంటే చాలు.

#14 తవ్వకాలు (హైదరాబాద్)
మీరంతా పన్ను వచ్చే వైపు దగ్గరే ఆగిపోయారు. పంటి మీద చేతివాటం రాసి ఉన్న చోటు ఒకటుంది. అది తెలిస్తే ఈ చర్చ ఇంకోలా సాగుతుంది.

ఆదిమానవులు మాంసమో తోలో ఒక కొస ముందు పళ్ళతో కరిచి, రెండో కొసను ఒక చేత్తో లాగి పట్టుకుని, ఇంకో చేత్తో రాతి పలుగు పెట్టి కోసేవారు. పలుగు జారినప్పుడల్లా పంటి ముందు భాగం మీద సన్నని గీత పడేది. కుడి చేత్తో కోస్తే గీత ఒక వాలులో, ఎడమ చేత్తో కోస్తే దానికి ఎదురు వాలులో. బతికినంత కాలం అలా వందల గీతలు పడతాయి. పన్ను రాయిలా మారి లక్షల ఏళ్ళు నిలిచాక కూడా సూక్ష్మదర్శిని కింద వాటి వాలు చదవొచ్చు.

క్రొయేషియాలోని క్రాపినాలో దొరికిన నియాండర్తల్ మానవుల పళ్ళు, స్పెయిన్‌లో అటాపుయెర్కా కొండల్లోని సీమా దె లోస్ ఉయెసోస్ గుహలో దొరికిన సుమారు 4 లక్షల 30 వేల ఏళ్ళ నాటి పళ్ళు ఇలాగే చదివారు. అత్యధికులు కుడిచేతివాళ్ళే. టాంజానియాలోని ఓల్డువాయిలో దొరికిన ఓహెచ్-65 అనే పై దవడ 18 లక్షల ఏళ్ళ నాటిది. దాని పళ్ళ గీతలు చదివి, ఆ మనిషిది కుడిచేతి వాటమే అని కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ ఫ్రేయర్ బృందం 2016లో రాసింది. చేతి ఎముకలు దొరకని మనుషుల చేతివాటాన్ని పళ్ళే చెప్పాయి!

ఒక్క దవడతో ఆ కాలపు మనుషులందరిదీ కుడిచేతి వాటమే అనలేం, అది వేరే సంగతి. కానీ గమనించండి, ఇక్కడ చెయ్యి పంటి మీద రాసింది. పన్ను పుట్టుక చేతిని చూసి జరగలేదు. నాగావళి గారి అత్తగారి సిద్ధాంతానికి ఇది సరిగ్గా తిరగేసిన రూపం.

#15 సూదీదారం (చీరాల)
తవ్వకాలు గారు రాసింది చదివి నవ్వొచ్చింది. అందుకు గుహల దాకా పోనక్కర్లేదు, మా దుకాణానికి రండి. దారం పళ్ళతో తెంపే అలవాటు మా వృత్తిలో అందరికీ ఉంది. మా నాన్నగారి పై ముందు పంటి అంచులో చిన్న గాడి ఉండేది, దారం సరిగ్గా అందులో కూర్చునేది. సూది కుడి చేత్తో పట్టుకుని దారాన్ని ఎప్పుడూ ఒకే పక్కకు లాగేవారు కాబట్టి గాడి ఆ ఒక్క పంటికే పడింది. నాది ఎడమచేతి వాటం. నా గాడి ఆ పక్క పంటికి ఉంది. ఈ మధ్య కత్తెర వాడటం మొదలుపెట్టాను, పన్ను జివ్వుమంటోంది మరి.

#16 పాలపన్ను
సూదీదారం గారూ, జివ్వుమంటోందంటే పింగాణీ అరిగి లోపలి పొర బయటపడిందన్నమాట. ఒకసారి చూపించుకోండి.

తవ్వకాలు గారు చెప్పిన దిశలోనే ఇంకొంచెం ముందుకు వెళ్దాం. పిల్లల విషయంలో చెయ్యి పళ్ళను మార్చే దారులు మాకు ఖాయంగా రెండు తెలుసు. మొదటిది బొటనవేలు చప్పరించడం. నాలుగేళ్ళు దాటినా మానకపోతే పై ముందు పళ్ళు ముందుకు వస్తాయి, పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య సందు పడుతుంది. ఆ సందు తరచుగా నడిమధ్యలో ఉండదు, వేలు ఆనుకునే వైపు ఎక్కువ తెరుచుకుని ఉంటుంది. బిడ్డ నోరు తెరవగానే ఏ చెయ్యో చెప్పేయొచ్చు. ఆ చేతి బొటనవేలు మిగతా వేళ్ళకంటే శుభ్రంగా, నానిపోయి, గోరు దగ్గర కాయ కట్టి కనిపిస్తుంది. తల్లి "మావాడు మానేశాడండీ" అంటుంటే ఆ వేలు వేరే మాట చెబుతుంది.

రెండోది బ్రష్షు. గట్టిగా రుద్దే పెద్దల్లో, రుద్దే చేతికి ఎదురు వైపు కోరపన్ను దగ్గర చిగురు కిందికి జారి, పన్ను మెడ దగ్గర అరిగి ఉండటం ఎక్కువగా చూస్తాం. కుడిచేతివారికి ఎడమవైపు, ఎడమచేతివారికి కుడివైపు. పిల్లల్లో సమస్య అరుగుదల కాదు, వదిలేసిన మూలలు. వరుస మలుపు తిరిగే చోట బ్రష్షు తిప్పి పట్టుకోవాలి. పిల్లలు తిప్పరు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా రోజుకు ఒక్కసారైనా, ముఖ్యంగా రాత్రి, పెద్దవాళ్ళే తోమాలి.

నమిలే వైపు సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. కుడిచేతివాళ్ళు కుడివైపే నములుతారా అన్న దాని మీద పరిశీలనలు ఒకదానితో ఒకటి పొసగవు. పుచ్చిన పన్ను ఏ వైపు ఉంటే దానికి ఎదురు వైపు నములుతారు. నా అనుభవంలో అన్నిటికంటే గట్టి సూత్రం అదే.

#17 సుద్దముక్క
పళ్ళ సంగతి సరే. చేతి సంగతికి వస్తే, నాగావళి గారి అత్తగారి మాటలో కొంత లోకజ్ఞానం ఉందని నా అభిప్రాయం. రాయడం ఏ చేత్తో రాసినా పర్వాలేదు. అన్నం మాత్రం కుడి చేత్తో తినడం నేర్పాలి. రేపు పదిమందిలో కూర్చున్నప్పుడు, గుడిలో తీర్థం తీసుకునేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకూడదు.

#18 పుర్రచెయ్యి (కర్నూలు)
మాస్టారూ, మీ వయసుకు గౌరవమిచ్చి మెత్తగానే చెబుతున్నాను. వేలెత్తి చూపేవాళ్ళను మార్చాలా, ఆరేళ్ళ పిల్లను మార్చాలా? నా ఎడమ చేతికి గుడ్డ కట్టి కుడి చేత్తో అన్నం తినిపించేవారు. ముద్ద నోటికి చేరేలోపు సగం ఒళ్ళో పడేది, ఆ పడినందుకు ఇంకో దెబ్బ. ఇప్పుడు కుడి చేత్తోనే తింటాను, ఎడమ చేత్తో రాస్తాను. నేర్చుకున్నాను సరే. కానీ అన్నం దగ్గర కూర్చుంటే చిన్నప్పుడు ఎంత భయపడేవాణ్ణో గుర్తుంది.

#19 సుద్దముక్క
దెబ్బలు కొట్టమని నేను అనలేదు నాయనా. గుడ్డ కట్టడమూ తప్పే. నా తరగతిలో ఎడమ చేత్తో రాసే పిల్లలను బల్లకు ఎడమ చివర కూర్చోబెట్టేవాణ్ణి, పక్కవాడి మోచెయ్యి తగలకుండా. తిండి దగ్గర మాత్రం నా మాట మీదే ఉన్నాను.

#20 కదలిక (ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం)
ఈ వాదనలో ఒక ముఖ్యమైన విషయం జారిపోతోంది. ఆరేళ్ళ పాపది ఎడమచేతి వాటమైతే అది ఆమె తీరు, వదిలేయండి. కానీ ఏడాది కూడా నిండని బిడ్డ ఒకే చెయ్యి వాడుతూ, రెండో చేతిని పిడికిలి బిగించి ఉంచుతుంటే దాన్ని చేతివాటం అనుకోకండి. ఆ వయసులో పిల్లలు రెండు చేతులూ మార్చి మార్చి వాడతారు. ఒక చెయ్యే వాడుతున్నారంటే రెండో చేతిలో బలహీనత ఉండొచ్చు. కాన్పు సమయంలో భుజం దగ్గరి నరాలు సాగడమో, మెదడులో ఒక వైపు దెబ్బ తగలడమో కారణం కావచ్చు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. "మావాడు పుర్రచెయ్యి" అనుకుంటూ ఏడాదిన్నర గడిపి వచ్చే తల్లిదండ్రులను చూస్తుంటాం. ఆ కాలం చికిత్సకు చాలా విలువైనది.

#21 సంశయం
మారిస్తే మారుతుందా అన్న దానికి జన్యువుల వైపు నుంచి: కవలల పరిశీలనల ప్రకారం చేతివాటంలో వంశపారంపర్యం పాలు నాలుగో వంతు ప్రాంతంలో ఉంటుంది. 2020లో 17 లక్షలకు పైగా మనుషుల జన్యు సమాచారం చూసి, ఎడమచేతి వాటంతో ముడిపడిన 41 స్థానాలు గుర్తించారు. ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పం. "ఎడమచేతి జన్యువు" అని ఒకటి లేదు. గుర్తించినవాటిలో కొన్ని మెదడు కణాల లోపలి అస్థిపంజరం లాంటి నిర్మాణాలకు చెందినవి.

ఇంకో తమాషా. గుండె కుడివైపు, కాలేయం ఎడమవైపు ఉండి, ఒంట్లో అవయవాలన్నీ తారుమారుగా పుట్టేవాళ్ళు అరుదుగా ఉంటారు. వాళ్ళలో కూడా అత్యధికులు కుడిచేతివాళ్ళే. గుండె ఏ వైపు ఉండాలో నిర్ణయించే ఏర్పాటుకూ, చెయ్యికీ పొత్తు లేదు. ఇక పంటికి ఉంటుందని ఎందుకు అనుకోవాలి?

#22 కొబ్బరాకు
గుండె, కాలేయం, గుహలు అన్నీ అయ్యాయి. మా రెండోవాడికి ఇప్పుడు ఐదేళ్ళు. పళ్ళు మారినప్పుడు వచ్చి రాస్తాను.

#23 సుద్దముక్క
రాయండి, అప్పటిదాకా ఇంకో సందేహం. మా రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఎవరి దగ్గరా ఉండేది కాదు. బిడ్డ కుడి చేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవిని అందుకుంటే ఐదు నిండాయని రాసుకునేవాళ్ళం. నేనే అలా ఎంతోమంది వయసు నిర్ణయించాను. ఇప్పుడు కోర్టుల్లో పళ్ళు చూసి వయసు చెబుతారట, నిజమేనా? అందులో కుడి ఎడమల పట్టింపు ఉంటుందా?

#24 నల్లకోటు (రాజమహేంద్రవరం)
నిజమే మాస్టారూ, కానీ అది చివరి మెట్టు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్ చూడాలి. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్షో, వయసు తేల్చే మరో వైద్య పరీక్షో. చిక్కేమిటంటే, మొదటి మెట్టు అయిన బడి రికార్డులో ఉన్న తేదీ మీలాంటివారు చెవి చూసి రాసిందే కావచ్చు!

#25 పాలపన్ను
మాస్టారు అడిగిన కుడి ఎడమల ప్రశ్నకు జవాబు నాకు చాలా ఇష్టమైనది. పిల్లల పళ్ళతో వయసు అంచనా వేయడానికి ఎక్కువగా వాడే పద్ధతి మాంట్రియల్‌కు చెందిన దెమిర్జియాన్ 1973లో ఇచ్చింది. దవడ ఎక్స్‌రేలో కింది వరుస ఎడమవైపు ఏడు శాశ్వత దంతాలు తీసుకుని, ఒక్కొక్కటి ఎనిమిది దశల్లో ఏ దశలో ఉందో చూసి మార్కులు వేస్తారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ పట్టికలు వేరు, ఎందుకంటే ఆడపిల్లల పళ్ళు కొన్ని నెలలు ముందుంటాయి. ఎముకల వయసుకు తీసే ఎక్స్‌రే కూడా ఎడమ చేతిదే. ఎక్కువమంది కుడి చేత్తో పనిచేస్తారు కాబట్టి ఎడమ చేతికి దెబ్బలూ అరుగుదలా తక్కువ అన్నది అందుకు చెప్పే కారణాల్లో ఒకటి.

పళ్ళలో ఎడమ పన్ను చూసినా కుడి పన్ను చూసినా దశ దాదాపు ఒకటే వస్తుంది. ఎడమవైపు పన్ను ఏదైనా లేకపోతే కుడివైపు దాని జతను చూసి మార్కు వేస్తాం. చేతివాటాన్ని బట్టి పళ్ళ తయారీ ఒక వైపుకు మొగ్గేదైతే ఇలా వేయడం కుదిరేదే కాదు.

మీ చెవి పరీక్షకు పెద్దన్న ఒకటుంది. 1833లో ఇంగ్లండులో తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టకూడదని చట్టం చేశారు. పుట్టిన తేదీలు నమోదై లేవు, తల్లిదండ్రులూ యజమానులూ వయసు ఎక్కువ చెప్పేవారు. అప్పుడు ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్ళు పరిశీలించి, ఎత్తు కంటే పళ్ళే వయసును నమ్మకంగా చెబుతాయని 1837లో పార్లమెంటుకు నివేదించాడు. ఆకలితో పిల్లవాడు పొట్టిగా ఉండిపోవచ్చు, పళ్ళు మాత్రం దాదాపు తమ వేళకే వస్తాయి.

#26 నాగావళి
అందరికీ ధన్యవాదాలు. ఇక్కడి దంతవైద్యులకు చూపించాం. చిన్న ఎక్స్‌రే తీశారు. కుడివైపు పాలపన్ను వేరు సగం దాకా కరిగిపోయి ఉంది, దాని కిందే కొత్త పన్ను నిలువుగా కనిపించింది. ఏమీ చేయనక్కర్లేదన్నారు. మా అత్తగారికి కూడా ఆ ఎక్స్‌రే చూపించారు. ఆవిడ చాలాసేపు చూసి, "అయితే కుడివైపు పన్ను సిగ్గుపడుతోంది" అన్నారు. చేతి విషయంలో ఇంట్లో చర్చ ఇంకా నడుస్తోంది. ఒక సందేహం మిగిలింది: పాప ఎడమ చేత్తో తోముకుంటే నేను ఎటువైపు నిలబడి సరిచూడాలి?

#27 పాలపన్ను
పక్కన కాదండీ, వెనక నిలబడండి. పాప తల మీ పొట్టకు ఆనించి, గడ్డం కాస్త పైకెత్తి, అద్దంలో చూస్తూ తోమండి. పాప తన చేత్తో తోముకున్నాక మీరు ముందుగా చూడాల్సింది కుడి, ఎడమ కోరపళ్ళ మలుపులు, ఆ తర్వాత చివర కొత్తగా వస్తున్న ఆరేళ్ళ దవడ పన్ను. పాలపన్నేదీ ఊడకుండా వెనక నుంచి వస్తుంది కాబట్టి అది వచ్చిందనే చాలామందికి తెలియదు, పాలపన్నే అనుకుని పుచ్చనిస్తారు. బ్రష్షును అడ్డంగా చెంప వైపు నుంచి పెడితేనే దాని మీదికి అందుతుంది. బఠాణీ గింజంత పేస్టు చాలు.

#28 పుర్రచెయ్యి
డాక్టరు గారూ, ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నాను. ఎడమచేతి వాటం ఉన్న దంతవైద్యులు ఎలా పనిచేస్తారు? మీ కుర్చీలన్నీ కుడిచేతివారి కోసమే కట్టినట్టుంటాయి.

#29 పాలపన్ను
కట్టినట్టుండటం కాదు, అలాగే కడతారు. దీపం, గొట్టాలు, పనిముట్ల పళ్ళెం అన్నీ రోగికి కుడివైపు కూర్చున్న వైద్యుడి కోసం. మా కళాశాలలో నా సహాధ్యాయి ఒకామె ఎడమచేతి వాటం. ఆమె రోగికి ఎడమవైపు కూర్చునేది, సరిగ్గా అక్కడే ఉమ్మి తొట్టి అడ్డం. గొట్టాలను రోగి పొట్ట మీదుగా లాక్కుని పనిచేసేది. ఇప్పుడు రెండు వైపులకూ తిప్పుకునే కుర్చీలు వచ్చాయి, ధర మాత్రం ఎక్కువ. దవడ పన్ను తీయడంలో మా తరగతిలో ఆమెను మించినవాళ్ళు లేరు.